వారానికో ఎలుక

"అరేయ్, మీ చేన్ల ఎలుకలు దొరుకుతయా?"

దసరా సెలవులకు ఊరికి బయల్దేరుతుంటే నా క్లాస్‌మేట్ ఒకడు ఇట్లా అడిగాడు. మాది బోధన్ పక్కన పల్లె. చెరుకు, వరి, సోయా ఉన్నచోట ఎలుకలు దొరక్కపోవడం ఏమిటి? కానీ హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో పెరిగినవాడికి ఎలుకలతో ఏం పనో నాకు అర్థం కాలేదు. నిజామాబాద్ టౌన్‌లో వాడుండే అద్దె గదికి తీసుకెళ్లి, మంచం కింది నుంచి ఒక ప్లాస్టిక్ డబ్బా లాగి మూత తీశాడు. పేపరు ముక్కల మధ్య మూరెడు పాము. మట్టి రంగు మీద మాసిపోయినట్టున్న మచ్చలు. పల్లెటూరి వాణ్ణే అయినా రెండడుగులు వెనక్కి వేశాను, ఒప్పుకుంటున్నా.

"కార్పెట్ పైథాన్ రా. ఆస్ట్రేలియాది. విషం ఉండదు," అన్నాడు, కొత్త బండి చూపించినంత గర్వంగా.

ఆ పాము సంక్రాంతి చూడలేదు. దాని చావులో నా చెయ్యి కూడా ఉంది. జరిగింది జరిగిందని ఊరుకునేవాణ్ణే. కానీ ఈ సెమిస్టర్‌లో ఇద్దరు జూనియర్లు వాడి దగ్గరికి వచ్చి, "అన్నా, ఎక్కడ కొన్నవ్? ఏం పెడ్తే జల్ది పెరుగుతది?" అని అడుగుతున్నారట. అందుకే రాస్తున్నా. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: మన అద్దె గదుల్లో, మన ఊరి ఎండల్లో, నాలుగేళ్ల కోర్సు మధ్యలో ఈ పాముకి తిండి పెట్టడం మనవల్ల కాదు. తిండి పెట్టలేనప్పుడు తెచ్చుకోవద్దు. ఎందుకు కాదో వివరంగా చెప్తాను, ఎందుకంటే "వద్దురా" అంటే మనలో ఎవరూ వినరు, నేనైనా వినను.

మావాడి మొదటి తప్పు "జల్ది పెరగాలి" అనుకోవడం. నల్లటి ఒంటి మీద పసుపు పట్టీలతో మెరిసిపోయే పెద్ద పాము వీడియోలు చూసి కొన్నాడు. చేతికొచ్చిందేమో మట్టి రంగు పిల్ల. ఈ జాతిలో అంతే. పిల్లలు మసకగా పుడతాయి, రెండు మూడేళ్లు గడిస్తే గానీ అసలు రంగు తేలదు. ఎక్కువ తినిపిస్తే త్వరగా పెద్దదై రంగు వస్తుందని ఎవరో చెప్పారట. దాంతో మూడు రోజులకోసారి మేత మొదలుపెట్టాడు. హాస్టల్ మెస్‌లో తినేవాళ్ల లెక్క పాముకి కూడా వేశాడన్నమాట.

పాము కడుపు మన కడుపులా రోజూ నడిచే మిల్లు కాదు. సీజన్‌లో మాత్రమే పొయ్యి వెలిగే చక్కెర ఫ్యాక్టరీ లాంటిది. మేత లేనప్పుడు పేగులు ముడుచుకుని, ఖర్చు తగ్గించుకుని పడి ఉంటాయి. ఎలుక లోపలికి వెళ్లాక మొత్తం యంత్రం లేస్తుంది. ఈ విషయం మీద బాగా పరిశోధన జరిగింది బర్మా కొండచిలువల మీద. పెద్ద మేత తిన్న 48 గంటల్లో వాటి గుండె కండ దాదాపు 40 శాతం పెరుగుతుందని 2005లో నేచర్ పత్రికలో వచ్చింది. పేగులూ, కాలేయమూ కూడా బరువెక్కుతాయి. అరగడం పూర్తయ్యాక మళ్లీ అన్నీ మామూలు సైజుకు వస్తాయి. ఇంత పని జరుగుతున్న మూడో రోజున ఇంకో ఎలుకను దించితే ఏమవుతుంది? అయితే కక్కుతుంది, లేకపోతే కొవ్వు పడుతుంది. ఆత్రంగా మేపిన పాములు పొడవు త్వరగానే పెరుగుతాయి, ఆ మాట నిజం. కానీ కాలేయానికి కొవ్వు పట్టి, ఇరవై ఏళ్లు బతకాల్సింది అందులో సగం కూడా బతక్కపోవచ్చు. పెరగడం వేరు, ఉబ్బడం వేరు.

సరిగ్గా పెంచేవాళ్ల పద్ధతి చాలా సాదా. పిల్లకి వారానికి ఒక మేత. ఆ ఎలుక లావు, పాము ఒంట్లో అన్నిటికన్నా లావున్న చోటును దాటకూడదు. బరువు లెక్కన చూస్తే పాము బరువులో పదో వంతు నుంచి పదిహేను శాతం దాకా. మొదట్లో అంటే ఇంకా వెంట్రుకలు రాని చిట్టెలుక పిల్లలే. పాము పెరిగేకొద్దీ ఎలుక సైజు పెరుగుతుంది, మేతకీ మేతకీ మధ్య రోజులూ పెరుగుతాయి. ఏడాది దాటాక పది, పదిహేను రోజులకొకటి. బాగా పెద్దదయ్యాక మూడు నాలుగు వారాలకొకటి. తిన్నాక రెండు రోజులు ముట్టుకోవద్దు. కుబుసం విడిచే ముందు కళ్లు నీలంగా, మసక బారినట్టు అవుతాయి, అప్పుడు తినకపోతే బలవంతం చేయొద్దు. కక్కిందంటే వెంటనే మళ్లీ పెట్టకుండా పది పదిహేను రోజులు ఆగి, ముందుకన్నా చిన్నది పెట్టాలి. వంటింటి త్రాసు మీద వారం వారం తూచి నోట్‌బుక్‌లో రాసుకోవాలి. పెరుగుదలంటే ఆ గ్రాఫ్ నిదానంగా పైకి వెళ్లడమే. వెన్నుపూస గుడిసె కప్పులా పైకి తేలితే బక్కచిక్కినట్టు, వంపు తిరిగినప్పుడు చర్మం మడతలు పడితే కొవ్వెక్కినట్టు. ఇది కనిపెట్టడానికి చదువు అక్కర్లేదు, ఓపిక కావాలి.

ఇంకో సంగతి మావాడికీ తెలీదు, అమ్మినవాడూ చెప్పలేదు. అడవిలో ఈ పాము పిల్లలు ఎక్కువగా తినేది బల్లుల్ని, నలికిరి లాంటి చిన్న ప్రాణుల్ని. ఎలుకలు తర్వాతి సంగతి. అందుకే కొన్ని పిల్లలు చిట్టెలుకను చూసి మొహం తిప్పుకుంటాయి. దాన్ని మెల్లగా ఎలుకకు అలవాటు చేసి, నాలుగైదు సార్లు తిన్నాకే అమ్మాలి. మంచి పెంపకందారు దగ్గర కొనేవాళ్లు మొదట అడిగేది, "ఎన్నిసార్లు తిన్నది? ఏం తిన్నది?" అనే. మావాడు అడిగింది, "ఫైనల్ రేటెంత?"

ఇక ఓనర్ ఆంటీ సంగతి. నవంబర్‌లో ఒకరోజు కరెంట్ మీటర్ చూడటానికి వచ్చి డబ్బా చూసింది. అరుస్తుందనుకుంటే దండం పెట్టింది. కిందికెళ్లి గ్లాసుడు పాలు తెచ్చి, "పొయ్యి బిడ్డా, ఉపాసం ఉంచకు," అన్నది. నాగుల పంచమికి పుట్టలో పాలు పోసే ఊళ్లు మనవి, ఆమెను ఏమీ అనను. పాము మాత్రం పాలు తాగి బతికేది కాదు, అవి దానికి అరగవు. మంచినీళ్లు చాలు. ఎలుక మొత్తంగా, ఎముకలతో సహా మింగితే కావాల్సిన కాల్షియం అందులోనే ఉంటుంది. కోడి ముక్కలు పెట్టి పెంచితే అది అందదు. పాలు మావాడే తాగేశాడు. మర్నాడు ఆంటీ వచ్చి నెలాఖరుకు గది ఖాళీ చేయమంది. భక్తి భక్తే, అద్దె అద్దే.

ఇప్పుడు నా వంతు. ఈ పాముల్ని పద్ధతిగా పెంచే దేశాల్లో మేత కోసం శుభ్రమైన చోట ఎలుకల్ని పెంచి, నొప్పి తెలియకుండా చంపి, ఫ్రీజ్ చేసి అమ్ముతారు. ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లో కింది అరకు మార్చి మంచు కరగనిచ్చి, తర్వాత వేడి నీళ్లలో ఉంచి ఒంటి వేడికి తెస్తారు. మైక్రోవేవ్‌లో పెట్టరు, లోపల ఒకచోట ఉడికి ఇంకోచోట గడ్డగా ఉండిపోతుంది. పొడవాటి పటకారతో అందిస్తారు. బతికున్న ఎలుకను డబ్బాలో వదలరు, ఎందుకంటే ఎలుక తిరగబడి కరుస్తుంది. ఆకలి లేని పామును ఎలుక కొరికి పెట్టిన గాయాల ఫోటోలు చూస్తే రాత్రి అన్నం సహించదు. నిజామాబాద్‌లో మావాడికి ఆ ఫ్రీజ్ చేసిన ఎలుకలు ఎక్కడా దొరకలేదు. దొరికినా ఉమ్మడి ఫ్రిజ్‌లో, దోసె పిండి పక్కన పెట్టాలి.

అందుకని నన్ను అడిగాడు. నేను తెచ్చాను. మా చేను గట్టు మీద బొరియ తవ్వితే దొరికిన పిల్లలు, ఒక డబ్బాలో వేసి, బోధన్ నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని. పక్కసీటు ఆయన "ఏంది తమ్మీ, సకినాలా?" అని అడిగితే "అవును" అన్నాను. సెలవు దొరికినప్పుడల్లా తెచ్చాను. అప్పట్లో అది దోస్తానా అనుకున్నా.

మా వైపు వరికీ, చెరుకుకీ ఎలుకల మందు పెట్టని రైతు లేడు. జింక్ ఫాస్ఫైడ్ కలిపిన నూకలు పెడతారు, బ్రోమాడియోలోన్ బిళ్లలు బొరియల్లో వేస్తారు. బ్రోమాడియోలోన్ రక్తం గడ్డకట్టకుండా చేసే మందు. అది తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు తిరుగుతుంది. ఆ ఎలుకను తిన్న గుడ్లగూబకి, పిల్లికి, పాముకి కూడా ఆ మందు చేరుతుంది. మందు సంగతి పక్కన పెట్టినా, పొలం ఎలుక ఒంట్లో పురుగులుంటాయి. మనిషికి లెప్టోస్పైరోసిస్ అంటించేది కూడా ఎలుకల మూత్రమే. అంటే నేను ఆ పాముకి ఏం తీసుకెళ్లానో నాకే తెలియదు. బాపును ఒక్కమాట అడిగితే తెలిసేది ఆ గట్టు మీద మందు పెట్టామో లేదో. అడగలేదు.

తిండి సగమే. అరిగించే వేడి మిగతా సగం. మన ఒంట్లో వేడి మనమే పుట్టించుకుంటాం, పాముకి బయటి నుంచి రావాలి. డబ్బాలో ఒక పక్క 31 నుంచి 33 డిగ్రీలు, ఇంకో పక్క 25 దగ్గర ఉంటే, అదే అటూ ఇటూ జరిగి తనకు కావాల్సిన వేడి తీసుకుంటుంది. మేత తిన్నాక వేడి చాలకపోతే ఎలుక కడుపులో అరగదు, కుళ్లుతుంది. మనవాళ్లకి ఇది అర్థం కానిది కాదు, కంట్రోల్ సిస్టమ్స్‌లో క్లోజ్డ్ లూప్ మొదటి ఉదాహరణే థర్మోస్టాట్. ఎగ్జామ్‌లో బొమ్మ వేసి ఐదు మార్కులు కొట్టిన మావాడు, డబ్బా కింద పెట్టింది మాత్రం థర్మోస్టాట్ లేని మామూలు బల్బు. కరెంటు ఉంటే కాలిపోతుంది, పోతే చల్లబడుతుంది.

నిజామాబాద్ వాతావరణం ఈ పాముకి ఏ మాత్రం కలిసిరాదు. మే నెలలో 44, 45 డిగ్రీలు మనకు కొత్త కాదు, రేకుల గదుల్లో ఇంకా ఎక్కువ. ఆ వేడిలో డబ్బాలో ఇరుక్కున్న పాము గంటల్లో చచ్చిపోతుంది. డిసెంబర్ రాత్రుల్లో చూస్తే దుప్పటి సరిపోని చలి. వేసవిలో కూలర్, చలికి హీటర్, రెండిటికీ ఇన్వర్టర్, మనం సెమిస్టర్ సెలవులకు ఇంటికి పోతే చూసుకునే మనిషి. ఇవన్నీ కలిపి లెక్క వేస్తే పాము కొన్న ధర ఆ లెక్కలో ఎక్కడో పైసల దగ్గర ఉంటుంది.

డిసెంబర్ రెండో వారంలో అది తిన్నది కక్కింది. మావాడు భయపడి, బక్కచిక్కుతుందేమోనని, రెండో రోజే నేను తెచ్చిన ఇంకో ఎలుక పిల్లను పెట్టాడు. అదీ కక్కింది. ఆ తర్వాత నోరు కొంచెం తెరిచి, తల పైకెత్తి ఊపిరి తీయడం మొదలుపెట్టింది. చలికి పాములకు వచ్చే ఊపిరితిత్తుల జబ్బు లక్షణం అది అని తర్వాత చదివాను. "డాక్టర్ దగ్గరికి తీస్కపోదాం పా," అన్నాను. మావాడు ఒక పెట్ క్లినిక్‌కి ఫోన్ చేశాడు. అవతలి మనిషి మర్యాదగానే, "ఏం పామండీ? రిజిస్ట్రేషన్ ఉందా?" అని అడిగాడు. మావాడు ఫోన్ కట్ చేశాడు.

ఈ ఒక్క క్షణం గురించే జూనియర్లకు గట్టిగా చెప్పాలనుంది. కార్పెట్ పైథాన్ సైటీస్ ఒప్పందంలో రెండో అనుబంధంలో ఉన్న జాతి. మన వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించి ఇలాంటి విదేశీ జాతుల్ని నాలుగో షెడ్యూల్‌లోకి తెచ్చారు, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో రిజిస్ట్రేషన్ నియమాలు వచ్చాయి. అప్పటికే ఇలాంటి జంతువు ఉన్నవాళ్లు ఆరు నెలల్లోగా పరివేష్ పోర్టల్‌లో వివరాలిచ్చి నమోదు చేయించుకోవాలన్నారు. చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చచ్చిపోయినా చెప్పాలి. కాగితం లేని పాము ఎక్కడి నుంచి వస్తుందో కూడా చూడండి. 2023 జూలైలో తిరుచిరాపల్లి ఎయిర్‌పోర్టులో కౌలాలంపూర్ నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడి పెట్టెలో 47 కొండచిలువలు, రెండు బల్లులు దొరికాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో చెన్నైలో ఒక ప్రయాణికురాలి సామానులో 22 పాములు. గుడ్డ సంచుల్లో, చిన్న డబ్బాల్లో కుక్కి తెచ్చినవి. "అవన్నీ అక్కర్లే బ్రదర్" అని అమ్మినవాడు అన్నప్పుడు మావాడికి అది డిస్కౌంట్‌లా వినిపించింది. కాగితం లేని పాముకి జబ్బు చేస్తే చూపించుకునే దారి ఉండదని అప్పుడు తట్టలేదు.

మందు చంపిందా, చలి చంపిందా, అతి మేత చంపిందా, నాకు తెలియదు. మూడూ మనుషుల పనులే. జనవరి మొదటి వారంలో ఒక పొద్దున వాడు ఫోన్ చేసి ఏం మాట్లాడలేదు. గదికి వెళ్లేసరికి డబ్బా మూత తీసి పక్కన కూర్చుని ఉన్నాడు. వాడికి ఆ పామంటే ప్రాణం, ఆ మాట నేను ఎక్కడైనా చెప్తా.

అందుకే అవతలి వాదాన్ని కొట్టిపారేయను. పామును చేత్తో పట్టుకున్నవాడు ఇంకో పామును కర్రతో కొట్టడు, పెంచితే భయం పోతుంది అంటారు. మావాడి విషయంలో అది నిజమే అయింది. నా భయం కూడా ఆ డబ్బా దగ్గరే పోయింది. చట్ట ప్రకారం రిజిస్టర్ చేసి, ఎలుకల్ని తామే పెంచుకుని, థర్మోస్టాట్ పెట్టి, పాములు చూసే డాక్టర్‌ను ముందే వెతికి పెట్టుకుని, పదిహేను ఇరవై ఏళ్లు ఒకే చోట ఉండగల మనుషులు పెంచుకుంటే నాకు అభ్యంతరం లేదు. క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో బెంగళూరా పుణెనా తెలియని మనం ఆ మనుషులం కాము. రెండు మీటర్లు దాటే పాము అది, బ్యాగులో పెట్టుకుని కంపెనీ గెస్ట్ హౌస్‌లో దిగలేం. ఊరి చివర చెరువు దగ్గర వదిలేద్దాంలే అనుకునేవాళ్లకు ఇంకో మాట. డబ్బాలో పెరిగింది బయట బతక్కపోవచ్చు. బతికితే అది ఇక్కడి ప్రాణుల మీద బతుకుతుంది. రెండూ మంచివి కావు.

ఒక విచిత్రం చెప్పాలి. ఈ పాము పుట్టిల్లు గురించి చదువుతుంటే నాకు మా ఊరే కనపడింది. ఆస్ట్రేలియా తూర్పు తీరాన క్వీన్స్‌లాండ్ ఉంది. అక్కడ కెయిర్న్స్, ఇన్నిస్‌ఫెయిల్, మెకై చుట్టూ మైళ్ల కొద్దీ చెరుకు తోటలు. ఆ చెరుకును కొరికే ఎలుకలున్నాయి, వాటి పేరే చెరుకు తోట ఎలుకలు. ఆ చుట్టుపక్కలే ఈ కార్పెట్ పైథాన్‌లు తిరుగుతాయి. కొట్టాల దూలాల మీద, ఇళ్ల పైకప్పుల్లో పడుకుంటాయి. ఎలుకల్ని తింటుంది కదా అని వాటిని ఉండనిచ్చే రైతులున్నారు. ఆ చెరుకు వాళ్లే 1935లో పురుగుల్ని తింటాయని హవాయి నుంచి కప్పల్ని తెచ్చి వదిలారు. పురుగులు పోలేదు, విషపు కప్పలు మాత్రం చాలా దూరం పాకాయి. బయటి ప్రాణిని తెచ్చుకోవడం ఎట్లా ఉంటుందో ఆ చెరుకు తోటల వాళ్లకు బాగా తెలుసు.

మాదీ చెరుకు సీమే. నిజాంసాగర్ కాలువ నీళ్ల మీద, 1937లో శక్కర్‌నగర్‌లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన సీమ. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు తగ్గింది, వరీ సోయా పెరిగాయి, ఎలుకలు మాత్రం తగ్గలేదు. మా దగ్గర ఆ కార్పెట్ పైథాన్ చేసే కొలువు చేసేది జెర్రిపోతు. విషం లేనిది. దానికి థర్మోస్టాట్ అక్కర్లేదు, గట్టు మీద ఎండా గడ్డిలో నీడా చాలు. రిజిస్ట్రేషన్ లేదు, కానీ చట్టం దానికీ కాపు కాస్తుంది. పట్టుకున్నా, చంపినా, డబ్బాలో పెట్టినా నేరమే. చెరుకు నరికే రోజుల్లో కూలీలకు కనపడితే చాలు, కర్ర లేస్తుంది. చిన్నప్పుడు నేనూ రాళ్లు వేశాను.

సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు బాపుకు మొత్తం చెప్పాను. ఎలుకలు పట్టుకుపోయిన సంగతి కూడా. చాలాసేపు ఏం అనలేదు. తర్వాత, "గా గట్టు మీద దసరాకు ముందు మందు పెట్టినం కదరా," అన్నాడు.

ఈ ఏడు ఆ గట్టు మీద మందు పెట్టొద్దని అడిగాను. "మరి ఎలుకలను ఎవలు తింటరు, నువ్వు తింటవా?" అన్నాడు. జెర్రిపోతు ఉంది కదా బాపూ అంటే నవ్వాడు. ఒక్క గట్టు వదిలేస్తా, మిగతా చేను సంగతి అడగొద్దు అన్నాడు. ఒక్క గట్టుతో ఎలుకల లెక్క మారదని నాకూ తెలుసు. కూలీలకు కూడా చెప్తానన్నాడు, వింటారో లేదో.

మావాణ్ణి ఉగాదికి ఊరికి రమ్మన్నాను. ఎండెక్కే ముందు, ఏడింటి లోపు గట్టు మీద నిలబడితే కనపడుతుంది, ఆరడుగులు తక్కువ ఉండదు. పట్టుకోనివ్వను అని ముందే చెప్పాను. "తినేటప్పుడు చూడొచ్చా?" అని అడిగాడు.